ఎలుకకు చెవులెందుకు?

మంచు పడే దేశాల్లో జింకకు ఏటా రెండుసార్లు బొచ్చు మారుతుంది. ఎండాకాలపు వెంట్రుక సన్నగా, ఎర్రగా, పొట్టిగా ఉంటుంది. చలి మొదలవుతుందనగా అది రాలిపోయి దాని చోట బూడిదరంగుది, దళసరిది వస్తుంది. ఈ రెండోది లోపల బోలు. సన్నటి గదులు, వాటి నిండా గాలి. ఆ గాలే చలిని ఒంటిదాకా రానివ్వదు. అదే వెంట్రుకను నీళ్లలో వేస్తే ఆ గాలే దాన్ని పైన నిలబెడుతుంది. మొదటి ఉపయోగం జింకది. రెండోది మనిషి కనిపెట్టుకున్నాడు.

అలాంటి వెంట్రుకలను గుత్తులు గుత్తులుగా గాలపు ముల్లుకు కట్టి, బ్లేడుతో చెక్కి, ఎలుకను చేసి, దాన్ని రాత్రిపూట ఏట్లో ఈదించి చేపలు పట్టేవాళ్లున్నారని చెబితే ప్రకాశం జిల్లాలోని మా చీమకుర్తిలో ఎవరూ నమ్మరు. చేప ఎలుకను తింటుందా అన్న అనుమానం కాదు. కుంటలో కొరమేను ఏం దొరికితే అది మింగుతుందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. నమ్మబుద్ధి కానివి వేరే రెండున్నాయి. ఒక ఎర కోసం పెద్ద మనిషి సాయంత్రమంతా బల్ల ముందు కూచోవడం ఒకటి. అంతా చేసి, పడ్డ చేపను మళ్లీ నీళ్లలో వదిలేసి ఉత్త చేతులతో ఇంటికి రావడం ఇంకొకటి.

రెండూ నేను కళ్లారా చూశాను. మా మేనల్లుడు అమెరికాలో డిట్రాయిట్ దగ్గర ఉంటాడు. వాళ్లింట్లో ఉన్న రోజుల్లో, శుక్రవారం సాయంత్రం వచ్చిందంటే ఆఫీసు లాప్‌టాప్ తీసి పక్కన పెట్టి, అదే బల్ల అంచుకు చిన్న వైసు ఒకటి బిగించేవాడు. దాని దవడల మధ్య గాలపు ముల్లు. పక్కన అరచేతంత జింక తోలు ముక్క, బొచ్చుతో సహా. డిట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో శరదృతువులో జింకల వేట పెద్ద పండగ. ఆఫీసులో తోటివాడెవరో వేటాడి ఆ ముక్క ఇతనికిచ్చాడట.

మొదట తోక కట్టాడు. సన్నగా కోసిన తోలు పీలిక అది. తర్వాత పెన్సిలంత లావున వెంట్రుకలు మొదలంటా కత్తిరించి, చిన్న దువ్వెనతో అడుగునున్న నూగును దులిపేశాడు. నూగు మిగిలితే నీళ్లు పీలుస్తుందట. ఆ గుత్తిని ముల్లు కాడ మీద పెట్టి దారం రెండు చుట్లు వదులుగా చుట్టాడు. అప్పటిదాకా చూడటానికేం లేదు. మూడో చుట్టుకు దారాన్ని బిగించి లాగేసరికి, అంతవరకు అణిగి పడుకున్న వెంట్రుకలన్నీ ఒక్కసారిగా లేచి ముల్లు చుట్టూ తిరిగి నిలబడ్డాయి. లోపల బోలు కాబట్టి దారం బిగిసిన చోట వెంట్రుక నొక్కుకుపోతుంది, రెండు కొసలూ పైకి లేస్తాయి. మామూలు వెంట్రుక అలా లేవదు. మేకబొచ్చుతో ఎంత బిగించినా కట్టగానే ఉండిపోతుంది. బొటనవేలి గోరుతో ఆ గుత్తిని వెనక్కి నెట్టి, ఖాళీ అయిన చోట ఇంకో గుత్తి. మళ్లీ నెట్టడం, మళ్లీ కట్టడం. చివరికి ముల్లు కనపడకుండా ఒక పిచ్చి బొచ్చు ఉండ తయారైంది. దీన్ని చూసి ఎలుక అనుకునే ప్రాణి భూమ్మీద ఉండదు.

అప్పుడు గడ్డం గీసుకునే బ్లేడు తీసి సగానికి విరిచాడు. ముందుగా పొట్ట. కింద వైపు వెంట్రుకలన్నీ ముల్లు దగ్గరిదాకా చదునుగా కోసేశాడు. అక్కడ బొచ్చు మిగిలితే ముల్లు మొన చేప దవడలో దిగదు. పొట్ట పని నిమిషంలో అయిపోయింది. ఆ తర్వాత వీపు, భుజాలు, మెడ, మూతి. వీటికి మాత్రం గంట పట్టింది. మూతి దగ్గర నాలుగు వెంట్రుకలు కోయకుండా మీసాలుగా వదిలాడు. తోలుతో రెండు గుండ్రటి చెవులు కోసి అతికించాడు. నల్ల సిరాతో కళ్లు దిద్దాడు. అరచేతిలో పెట్టుకుని, "ఎలా ఉంది మావయ్యా?" అన్నాడు.

"ఇంట్లో పిల్లి ఉంటే నీకు ఈ రాత్రి దక్కేది కాదురా" అన్నాను.

ఆ రాత్రి తీసుకెళ్లింది ఒసేబుల్ నదికి. గ్రేలింగ్ అనే ఊరు దాటి వెళ్లాలి. ఆ పేరు ఒక చేపది. ఒకప్పుడు ఆ నది నిండా ఉండేదట. అడవులు నరికి దుంగలు నీళ్లలో వదిలిన రోజుల్లో ఆ జాతి అక్కడ నశించింది, పేరు ఊరికి మిగిలింది. ఇప్పుడు అక్కడ రాత్రుళ్లు ఎలుకల కోసం కాచుకుని ఉండే బ్రౌన్ ట్రౌట్ జర్మనీ నుంచి 1880ల్లో గుడ్లుగా వచ్చి స్థిరపడ్డది. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరపకాయ తాతల నాటి సొత్తయిన చోట పుట్టినవాణ్ణి కాబట్టి నాకు అందులో వింతేమీ తోచలేదు. ఆ నదిలో కొంత మేర చేతితో కట్టిన ఇలాంటి ఎరలతోనే వేటాడాలి, పట్టిన ప్రతి చేపనూ వదిలేయాలి. చట్టమే అంత. చేపల బాగు చూడటానికి ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంఘం 1959లో పుట్టింది కూడా ఆ ఒడ్డునే.

చీకట్లో మొలలోతు నీళ్లలో నిలబడి, మావాడు ఎలుకను అవతలి ఒడ్డు పొదల కిందికి విసిరేవాడు. ప్రవాహం దాన్ని అడ్డంగా లాక్కొస్తుంటే వెనక రెండు పాయలుగా అల విడివడేది. కొంత దూరం ఈత, ఆగడం, మళ్లీ కాస్త ఈత. చాలాసేపటికి చీకట్లో ఎక్కడో గుభుక్కుమని నీళ్లు చిట్లాయి. నాకు గుండె జారింది కానీ వాడు కదల్లేదు. చప్పుడుకు లాగకూడదు, బరువు చేతికి తెలిసేదాకా ఆగాలట. మూరెడు చేప. నీళ్లలోనే ముల్లు తీసి, రెండు చేతుల్లో కాసేపు పట్టుకుని వదిలేశాడు. పులుసు పెట్టుకోని చేప కోసం మొలలోతు చలినీళ్లలో అర్ధరాత్రి నిలబడటం నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు.

అంతకంటే నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకొకటుంది. చేప కింద ఉంటుంది, ఎలుక పైన ఉంటుంది. అది చీకటి. కింద నుంచి చూసే చేపకు ఆకాశపు మసక వెలుతురు మీద కదిలే ఒక నల్లటి మరక కనపడాలి, అంతే. దానికి ఒంటి పొడుగునా పక్కల్లో ఉండే గీత ఒకటి నీటి కదలికను పట్టిస్తుంది. కంటికంటే దాని సాయమే ఎక్కువ. అంటే చేపకు చేరేవి రెండే: పొట్ట ఆకారం, వెనకాల వచ్చే అల. మావాడు నిమిషంలో ముగించిన భాగమొక్కటే దానికి కనపడేది. గంటసేపు చెక్కిన మూతి, మీసం, కళ్లు, ఆ చెవులు దానికి ఎన్నడూ కనపడవు. మరి ఎవరికోసం?

మా ఊళ్లో ఇలా ఎవరూ పని చేయరు. చీమకుర్తి రాయి గెలాక్సీ గ్రానైట్. నల్లటి ఒంట్లో బంగారపు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఆ మెరుపు కోసమే ప్రపంచం మా ఊరి నేలను వందల అడుగుల లోతు తవ్వించుకుంది. పాలిష్ ఫ్యాక్టరీలో పలకను ఒక్క వైపే అద్దం చేస్తారు. రెండో వైపు రంపపు గీతలు అలాగే ఉంటాయి. అది సిమెంటులోకి పోయే వైపు కాబట్టి దాని మీద పైసా ఖర్చు పెట్టరు. కొనేవాడి కన్ను ఎటో మెరుపు అటు. ఎలుక కట్టే పనిలో ఇది పూర్తిగా తలకిందులు.

ఈ విద్య నిన్నా మొన్నటిది కాదు. దాదాపు 1800 ఏళ్ల కిందట రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియాలో జాలర్లు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు కట్టి ఈగలా భ్రమింపజేసి చేపలు పట్టేవారని రాశాడు. జింక వెంట్రుకను ఈ పనిలోకి గట్టిగా లాగింది అమెరికన్లు. బాస్ చేప మీద 1881లో పెద్ద పుస్తకం రాసిన హెన్షాల్ అనే డాక్టరు పేరుతో ఒక జింకబొచ్చు ఎర ఉంది. 1930ల్లో డాన్ గేపెన్ అనే ఆయన కెనడాలోని నిపిగాన్ నది కోసం కట్టిన మడ్లర్ మిన్నో తల అంతా బ్లేడుతో చెక్కిన జింకబొచ్చే. ఎలుక ఎరకైతే దేశదేశాల్లో గిరాకీ ఉంది. మంగోలియాలో టైమెన్ అనే రాకాసి చేప ఏరు ఈదే ఎలుకను వదలదు. అలాస్కాలో కోసిన ట్రౌట్ పొట్టలో చుంచులు బయటపడ్డాయి. న్యూజిలాండ్‌లో బీచ్ చెట్లు కొన్నేళ్లకోసారి విరగకాస్తాయి. ఆ విత్తనాలు తిని అడవి ఎలుకలు లెక్కకు మించి పెరుగుతాయి, అవి ఏరు దాటబోయి చేపల పాలవుతాయి, ఆ ఏడు ట్రౌట్లు కొవ్వుపట్టి ఉంటాయి. అక్కడ గాలం వేసేవాళ్లు చేప కోసం చెట్ల కాపు లెక్కపెడతారన్నమాట.

మనవాళ్లు చేపకు ఏది ఇష్టమో ఆలోచించలేదని కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల వరసలో మత్స్యవినోదం కూడా ఉంది. ఏ చేప ఏది తింటుందో, దేనికి ఏ ఎరో చెబుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన దొర హెచ్.ఎస్. థామస్ 1887లో మన చెరువుల్లో గాలంవేట మీదే ఒక పుస్తకం వేశాడు. అప్పటికి మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. కానీ మా మైదానంలో ఎలుకా చేపా రెండూ ఒకే చేతికి తెలిసిన వాళ్లు యానాదులు. చేలో బొరియకు కుండతో పొగబెట్టి ఎలుకను పట్టేదీ వాళ్లే, మడుగులో చేప ఎక్కడ నిద్రపోతుందో చెప్పేదీ వాళ్లే. వాళ్ల పుస్తకం ఎవరూ అచ్చు వేయలేదు.

మా దగ్గర ఒసేబుల్ పాత్ర పోషించేవి కుంటలు, నాగార్జున సాగర్ కాలవల వెంట మిగిలే మడుగులు. సాగర్ నీళ్లు వచ్చి నిలిచే రామతీర్థం రిజర్వాయరు ఉంది కానీ అది పెద్దల వ్యవహారం. క్వారీ గుంతల్లో వాననీళ్లు పచ్చగా నిగనిగలాడుతుంటాయి, వాటి జోలికి పోకూడదు. నిట్టనిలువు గోడలు, కాలు జారితే పైకొచ్చే దారుండదు. గాలానికి సరైన చోటంటే తూటికాడ అల్లుకుని, జమ్ము మొలిచి, అక్కడక్కడ నీళ్ల కిటికీలు మిగిలిన పాత కుంట. ట్రౌట్ సంగతి ఇక్కడ కొరమేను చూసుకుంటుంది. తమ్ముడు మట్టగిడస కూడా ఉంటుంది కానీ దాని పులుసుకున్నంత పేరు దాని వేటకు లేదు. కొరమేను మొప్పలతో మాత్రమే బతకలేదు. కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగాల్సిందే. అందుకే బజార్లో తడిపిన తొట్టిలో ప్రాణంతో అమ్మగలుగుతున్నారు, ధరా అందుకే. అందుకే వేటగాడికి దాని అడ్రసు కూడా దొరుకుతుంది. ఆకుల మధ్య గుళుక్కుమని ఒక బుడగ లేస్తే దొరగారు ఇంట్లో ఉన్నారని అర్థం.

ఇక్కడి ఎర కప్ప. బతికున్న కప్పను తొడ దగ్గరో వీపు తోలుకో గుచ్చి, పొడుగాటి వెదురు గెడకు తంగూసు కట్టి, ఆకుల మధ్య ఖాళీల్లో దించుతూ లేపుతూ పోతారు. అది కాళ్లు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడమే కొరమేనుకు కబురు. చూడటానికి నాకు బాగుండదు. జాలి ఒక్కటే కాదు. 1987లో మన దేశం కప్పకాళ్ల ఎగుమతిని ఆపేసింది. పొలంలో పురుగు తినే జీవిని డాలర్లకు అమ్ముకుని, ఆ డాలర్లతో పురుగుమందు కొనుక్కోవడమేమిటని అప్పటి వాదన. సరిగ్గా ఆ ఏటి పంటలోనే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. మందుమీద మందు కొట్టి, అప్పుమీద అప్పు చేసి, దిక్కుతోచక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కప్పలుంటే తెల్లదోమ ఆగేదని నేననను. అది చూసిన తరం వాణ్ణి కాబట్టి చేలో పనిచేసే దాన్ని ముల్లుకు గుచ్చుతుంటే చెయ్యి వెనక్కి వస్తుంది, అంతే.

కాబట్టి ఉత్తుత్తి ఎర మేలనుకుని, తిరిగొచ్చాక నేనూ ఎలుక కట్టడానికి కూచున్నాను. జింకబొచ్చు ఊసెత్తడానికి లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దుప్పి, కణితి, కృష్ణజింక ఏదైనా దాని తోలూ బొచ్చూ కొనడం, అమ్మడం నేరం. చట్టం సరే, ముల్లు చుట్టూ అలా లేచి నిలబడే బోలు వెంట్రుక పుట్టించేంత చలి కూడా మనకు లేదు. పత్తి మన చేతినిండా ఉంది, నీళ్లు తాగి మునుగుతుంది. నీరుజీలుగ బెండు అద్భుతంగా తేలుతుంది కానీ కొరమేను పళ్లకు ఒక్క కాటుకు పొడైపోతుంది. చివరికి అందరికీ తెలిసిన వస్తువే అక్కరకొచ్చింది: తెగిన హవాయి చెప్పు. మడమ దగ్గరి ముక్కను ఎలుక ఒళ్లుగా కోసి, ముల్లు దూర్చి, పైన నల్ల మేకబొచ్చు బంకతో అతికించి దారం చుట్టాను. తోక పాత తోలు చెప్పు నుంచి. చెవులూ అందులోంచే. మిరియపు గింజలు రెండు కళ్లకు.

కుంట దగ్గర ఎప్పుడూ కప్పగాలం వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నా ఎలుకను ఆయన చేతిలో పెట్టాను. ఇంట్లో, వీధిలో చూసినవాళ్లందరూ దాని మొహం చూసి నవ్వారు. ఈయన అందుకుంటూనే తిరగేశాడు. పొట్ట మీద వేలితో రాసి, ముల్లు మొన గోటి మీద గీకి, నీళ్లలో వేసి అది ఏ పక్కకు ఒరుగుతుందో చూశాడు. అన్నీ అయ్యాక అప్పుడు మొహం చూశాడు.

"బాగుంది గానీ సారూ, దీనికి చెవులెందుకు? చేప చెవులు చూస్తదా? తూటికాడలో తగులుకుంటయ్యి."

ఒసేబుల్ ఒడ్డున నేనడిగిందే ఆయనా అడిగాడు. అప్పుడు మావాడు నవ్వి, "అవి నాకోసం మావయ్యా" అన్నాడు. ఆ జవాబు నాకు చాలలేదు. అందం కోసమంటే అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చు. దుకాణాల్లో దొరికే రబ్బరు కప్పలకు వీపు మీద రంగురంగుల మచ్చలు వేస్తారు, అవి కొనేవాడి కోసం, అదీ అర్థమవుతుంది. కానీ తనే కట్టుకుని తనే విసిరేవాడు ఎవరికి అమ్మాలి?

నా చెప్పు ఎలుకకు మూతి చెక్కుతున్న రోజుల్లో నాకు తట్టిందొకటుంది. చెవి ఎక్కడ అతకాలో తెలియక, ఎలుకను సరిగ్గా చూడటం మొదలుపెట్టాను. ధాన్యం కొట్టులో, మురుగు కాలవలో, ఒకసారి వాన వెలిశాక నిండు కాలవ దాటుతున్న దాన్ని. ఈదే ఎలుక వీపంతా పైకి కనపడదు. మూతి, నుదురు, వెనక్కి అణిచిన చెవులు, భుజాల దగ్గర కొంచెం; నడుము నీళ్లలో మునిగి ఉంటుంది. తోక వెనకాల బరువుగా ఈడ్చుకొస్తుంది. గబగబా ఈది, హఠాత్తుగా ఆగి, ఒడ్డు ఎటో వెతుక్కున్నట్టు మూతి తిప్పి, మళ్లీ ఈదుతుంది. ఇది చూశాక గెడ పట్టిన నా చెయ్యి మారింది. అంతకుముందు ఎలుకను నీళ్ల మీద ఏకబిగిన లాక్కొచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆపుతున్నాను. చెవి చేపకు చేరదు, నిజమే. అది నా చేతికి చేరింది. చెయ్యి కదలికలోకి, కదలిక అలలోకి, అల చేప ఒంటి మీది గీతలోకి. పెద్దాయనకు చెవులు అక్కర్లేదంటే, చిన్నప్పటినుంచీ ఎలుకల వెంట పరిగెత్తిన మనిషి కాబట్టి ఆ ఈత ఆయన మణికట్టులోనే ఉంది. ఆయన హవాయి చెప్పును ముక్క కోసి ఉత్తదే విసిరినా అది ఎలుకలాగే ఈదుతుంది. విసిరి చూపించాడు కూడా.

అప్పుడే జమ్ము పక్కన ఎర్రటి మసక ఒకటి నీళ్ల పైకి తేలింది. కొరమేను పిల్లల గుంపు. ఆ కిందే ఎక్కడో కాపలాగా తల్లీతండ్రీ ఉంటాయి. ఆ సమయంలో దగ్గరికి ఏదొచ్చినా మీద పడతాయి, పట్టడం చాలా సులువు. ఆయన గెడ పక్కకు తిప్పుకున్నాడు. "పెద్దదాన్ని నేను పడితే పిల్లలు జెల్లల పాలైతయ్యి. వచ్చే ఏడు నేనేం తినాల?" అన్నాడు. ఒసేబుల్ మీద ప్రభుత్వం రాసిన చట్టం ఇక్కడ ఈయన కడుపు రాసుకుంది.

హవాయి ఎలుక పనిచేసింది. కాకపోతే కొరమేను నోరు గట్టి ఎముక, మొన దిగక రెండు మూడు జారిపోయాయి. ముల్లు ఇంకొంచెం బయటికి వచ్చేలా పొట్ట లోతుగా కోయాలని పెద్దాయన సలహా. తూటికాడ విషయంలో కూడా ఆయన చెప్పిందే జరిగింది, కుడిచెవి తీగకు చిక్కి ఊడొచ్చింది. కొత్తదానికి చెవులు మానమన్నాడు. మానలేదు. వెనక్కి అణిచి, వీపుకు ఆనించి దారంతో బిగిస్తున్నాను. ఈదేటప్పుడు ఎలుక కూడా అలాగే పెట్టుకుంటుంది, తీగకూ తగలవు.